పిల్లి ఆట నేర్చిన కుట్టక్క

మీరు కళ్ళతో చూడని దాన్ని నలుగురిలో నిలబడి ఎన్నిసార్లు తిట్టారు?

నేను తిట్టాను. మూఢనమ్మకాలను చీల్చి చెండాడే మనిషినన్న ధీమాతో, నా మాటకు చప్పట్లు కొట్టడం అలవాటైన యాభైమంది ముందు, ఒక ఆటను తిట్టాను. ఆ సాయంత్రమే నన్ను నిలదీసిన మనిషి పోయిన వారం కన్నుమూసింది. ఆమెకు బాకీపడ్డ ఒప్పుకోలు ఇది. బతికుండగా చెప్పాను గాని, రాయలేదు.

ఆమె పేరు రాయను. తన పేరు అచ్చులో వేయొద్దని ఆమే అంది. ఎందుకని అడిగితే, "పేరేస్తే నా కథ అయిపోతాది తమ్ముడా. ఎయ్యకుంటే ఎవురింటి కథ వాళ్ళకి గ్యాపకమొస్తాది" అంది. పుదుచ్చేరి బజారులో తెలుగు వర్తకుల వీధిలో ఆమెను అందరూ కుట్టక్క అనేవాళ్ళు. వీధిలో సగం మంది ఆడవాళ్ళు ఆమె కుట్టిన రవికెలే తొడిగేవాళ్ళు. ఊరి శివారు మూలకుళం నుంచి మా అమ్మ కూడా బట్ట ఇచ్చి నన్ను పంపేది. అలా పరిచయం.

ఆమె ఇరవై నాలుగో ఏట విధవ అయి, పుట్టింటికి వచ్చింది. ముందు తమ్ముడి బట్టల కొట్టు, వెనక ఇల్లు. పొడుగ్గా సొరంగంలా ఉండే ఆ ఇంటికి వెనక దారి ఎప్పుడో మూసేశారు. బయటికి పోవాలంటే కొట్టులోంచే పోవాలి. ఇక్కడుంది అసలు సంగతి. పొద్దున కొట్టు తెరిచాక తొలి బేరం, అంటే బోణీ, అయ్యేదాకా ఆమె కొట్టులోకి అడుగు పెట్టకూడదు. బోణీ తొమ్మిదికే అయితే తొమ్మిదికి. వానపడి పదకొండైనా కాకపోతే పదకొండు దాకా. ఇరవై ఏళ్ళపాటు ఒక మనిషి పగటివేళను ఎవరో ముక్కూమొహం తెలియని కొనుగోలుదారు వచ్చి తెరిచేవాడు. ఆ తమ్ముడు చెడ్డవాడు కాదు. అక్కకు వేళకు అన్నం పెట్టించేవాడు, జ్వరమొస్తే డాక్టరును పిలిపించేవాడు. మంచివాళ్ళు ఆచారం పేరుతో చేసే పనులు ఎంత నిదానంగా, ఎంత నవ్వుతూ చేస్తారో అప్పటికి పదేళ్ళుగా నేను ఉపన్యాసాల్లో చెబుతూనే ఉన్నాను. ఆ ఇంటికి రవికెల కోసం వెళ్ళి, బోణీ కాలేదంటే అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాణ్ణి కూడా నేనే.

ఎనభైల నడుమ ఆ కొట్టుకు ఎదురుగా వీడియో గేముల కొట్టు పడింది. పెట్టినాయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చిన తమిళుడు. అలాంటివాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు. సింగపూరు మీదుగా నాలుగు పెట్టెలు తెప్పించాడు. మూడింటిలో కాల్పులు, పేలుళ్ళు. నాలుగోదాని మీద పేరు జపాను అక్షరాల్లో ఉండేది. ఎవరికీ చదవరాదు, అందులో మనిషి పిల్లిలా నక్కి నడుస్తాడు కనుక దాన్ని పిల్లి ఆట అన్నారు. అందులో ఒక కోట, సందులు, సందుల్లో తిరిగే కాపలావాళ్ళు. ఒక్కొక్కడి ముందు విసనకర్ర విప్పినట్టు పసుపు వెలుగు. అదే వాడి చూపు. ఆడేవాడి మనిషికి తుపాకీ లేదు, కత్తి లేదు. ఆ వెలుగులో పడకుండా ఆ కొస నుంచి ఈ కొసకు చేరాలి. పడితే గంట మోగుతుంది, ఆట పోతుంది.

వీధి పెద్దలకు కంపరం పుట్టింది. ఇది దొంగతనం నేర్పే పెట్టె అన్నారు. నాకు కావలసిన సరుకు దొరికింది. ఆదివారం సాయంత్రం మా హేతువాద సంఘం చదువుల గదిలో లేచి, "పరాయి కంటబడకుండా నడవడం నేర్చినవాడు రేపు పరాయి ఇంట్లో దూరడా? ఆట అలవాటవుతుంది, అలవాటు బుద్ధి అవుతుంది" అని గర్జించాను. బాగా చప్పట్లు పడ్డాయి.

మెట్లు దిగుతుంటే కింద కుట్టక్క నిలబడి ఉంది.

"ఏం తమ్ముడా, ఆ ఆట నువ్వు ఆడినావా?"

"లేదక్కా."

"ఎవురన్నా ఆడతా ఉంటే చూసినావా?"

"చూడాల్సిన పనేముంది? అందరూ చెప్తున్నారు కదా."

"ఓహో." ఆమె కొంగు సర్దుకుంది. "మా తమ్ముడు కూడా అదే అంటాడు. ముండమోసింది ఎదురొస్తే బేరం చెడతాదని అందురూ చెప్తారంట. చూసినావారా అంటే, చూడాల్సిన పనేముండాది అంటాడు. వాడు బొట్టు పెట్టుకోని అంటాడు, నువ్వు పెట్టుకోకుండా అంటావు. ఇంకేంది తేడా?"

ఎన్నో వాదాల్లో ఎందరి నోరో మూయించినవాణ్ణి. ఆ మెట్ల మీద ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"రేపు సాయంత్రం రా" అంది ఆమె. "ఒక టోకెన్ నేనిస్తా. ఓడిపోయినాక తిట్టుకో."

ఆ గేముల కొట్టుకు నల్ల తెరలు కుట్టిచ్చింది ఆమే. తగిలించడానికి వెళ్ళి ఆట చూసింది. కూలికి బదులు సొల్దా టోకెన్లు ఇస్తానంటే సరే అంది. అలా మొదలైంది. నేను వెళ్ళేసరికి మిల్లు షిఫ్టు దిగిన ఇద్దరు ఆమె వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నడివయసు ఆడమనిషి, బూడిదరంగు చీర, ఎడమ చెయ్యి పెట్టె అంచున ఆనించి, కుడిచేతి రెండు వేళ్ళతో సూదికి దారం ఎక్కించేటంత మెత్తగా కడ్డీ కదుపుతోంది. చాలాసేపు అసలు కదపనే లేదు. తెర మీద మనిషి గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు.

"కదలడేందక్కా?" అన్నాను.

"ముందు కాపలావాడు యాడ చూస్తాడో చూడు. నువ్వు యాడికి పోవాల్నో తర్వాత."

తర్వాత నేను ఆడాను. ఆరు అడుగుల్లో గంట మోగింది. మిల్లు వాళ్ళు నవ్వారు. మళ్ళీ ఆడాను, మళ్ళీ మోగింది.

"నీకు తొందర ఎక్కువ" అంది ఆమె. "కాపలావాణ్ణి చూస్తానే నీకు కోపమొస్తాది, పోయి గుద్దుకుంటావు. మీటింగులో మాదిరే."

పక్క పెట్టెలో తుపాకులు దడదడలాడుతున్నాయి. అది ఆడవా అని అడిగితే మొహం చిట్లించింది. "అది దోమల్ని కొట్టేదాని మాదిరి. చెయ్యి నొప్పి తప్ప ఏముండాది?"

ఆట మనిషిని మారుస్తుందన్న నా ఉపన్యాసంలో ఒక్క ముక్క నిజం. మారుస్తుంది. కాని నేను చెప్పిన వైపు కాదు. ఆ ఏడాది ఆమెను దగ్గరగా గమనించాను. ఆమె తాళంచెవుల గుత్తిని చప్పుడు కాకుండా గుడ్డలో చుట్టి దోపుకునేది. వంటింటి గడియకు ఆముదం రాసింది. తలుపులు మొత్తం తెరవకుండా ఒంటివారగా తీసి దాటేది. తెల్లచీర మాని తమ్ముడి కొట్టులోంచే బూడిదరంగు చీరలు తీసుకుంది. ఎందుకంటే, "తెలుపు చీకట్లో కూడా కనబడతాదప్పా" అంది. విధవకు తెలుపు తప్పదన్న తమ్ముడు ఆ రంగు మార్పును పట్టుకోలేకపోయాడు. అడుగుల చప్పుడు బట్టి వచ్చింది ఎవరో చెప్పేది. మూల మీద ఎర్రటోపీ పోలీసు ఎంతసేపూ సముద్రం వైపే చూస్తాడని, వీధి వైపు చూసేది టీ వచ్చినప్పుడేనని చెప్పి నన్ను నవ్వించింది. ఆ ఆట ఆడే మిల్లు వాళ్ళలోనూ ఇలాంటివే చూశాను. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు. కాపలావాడి వెలుగు తిరిగిపోయేదాకా ఆగినట్టే. ఒక్కడూ దొంగ కాలేదు.

ఇంతలో సొల్దా ఆమెను అడిగాడు. పొద్దున తొమ్మిదికి తన కొట్టు తెరిచి టోకెన్ల బల్ల దగ్గర కూర్చుంటుందా, నెలకింత జీతమిస్తాను అని. ఆమెకు నలభై అయిదేళ్ళు. జీవితంలో తొలి ఉద్యోగం. చేతిదూరంలో, వీధి అవతల ఉంది. మధ్యలో బోణీ ఉంది. తమ్ముణ్ణి అడిగింది. "బోణీ అయినాక పో అక్కా, ఎవురొద్దన్నారు?" అన్నాడు. పది గంటలకు వచ్చే మనిషి తొమ్మిదింటి ఉద్యోగం చేయలేదని ఆయనకు తెలియదా?

ఆమె వాదించలేదు. వారం రోజులు లోపలి తలుపు సందులోంచి కొట్టును చూసింది. తర్వాత నాకు చెప్పింది. "సూడం వెలిగించి దేవుడి పటాలకు మూడు చుట్లు తిప్పుతాడు. మూడో చుట్టుకు కండ్లు మూస్తాడు. గుమాస్తా తల వంచుతాడు. చీరలు ఏలాడేసిన కమ్మీ ఎనక నుంచి ఏడడుగులు. అంతే, వీధి."

ఎనిమిది నెలలు. పండగలు పోను, ప్రతి పొద్దునా. మా యాసలో సూడమనే ఆ కర్పూరం మూడో చుట్టు తిరిగే లోపల ఆమె ఇవతలి గడప దాటి అవతలి గడప ఎక్కేది. తమ్ముడు లోపలుందనుకునేవాడు. బోణీ అయ్యాక గేముల కొట్టులో కనబడితే, ఇప్పుడే వెళ్ళిందనుకునేవాడు. ఆ ఎనిమిది నెలల్లో ఆయన కొట్టుకు ఏ చెడూ జరగలేదు. దీపావళికి రెండో గుమాస్తాను కూడా పెట్టుకున్నాడు.

నేను ఎగిరి గంతేశాను. "అక్కా, ఇంతకంటే రుజువేముంది! నువ్వు బోణీకి ముందే నడిచావు. చెడు జరగలేదు. అంటే అపశకునం నీలో లేదు, చూసే కంట్లో ఉంది. ఈ ఆదివారమే మాట్లాడతాను."

"ఆగు" అంది. "నువ్వు మళ్ళీ గుద్దుకుంటా ఉండావు."

ఎందుకు ఆగమందో నాకు కొన్నాళ్ళ తర్వాత అర్థమైంది. ఒక మధ్యాహ్నం, ఆమె అన్నానికి ఇంటికొచ్చే వేళ, మా అమ్మ రవికె కోసం వెళ్ళాను. బోణీ ఎప్పుడో అయిపోయింది. కొట్టులో తమ్ముడు లేడు. లోపల కుట్టుమిషను చప్పుడు వినిపించి, నా అడుగులు వినగానే ఆగిపోయింది. గదిలోకి వెళితే ఎవరూ లేరు. మిషను చక్రం ఇంకా తిరుగుతోంది. పిలిచాను. పలకలేదు. తలుపు వెనక బూడిదరంగు అంచు కనబడింది.

ఆమె బయటికొచ్చింది. నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"నిన్ను చూసి ఎందుకు దాక్కున్నా తమ్ముడా?"

"నాకేం తెలుసక్కా?"

"నువ్వని నాకు తెలుసు. నీ చెప్పుల చప్పుడు తెలుసు. అయినా దాక్కున్నా." స్టూలు మీద కూర్చుంది. "మొన్న కూరగాయలమ్మిని చూసి దాక్కున్నా. నిన్న మా తమ్ముడి పెండ్లాం అన్నానికి పిలిస్తే పలక్కుండా నిలబడినా. దొరక్కుండా పోతే లోపల ఏందో తియ్యగా ఉంటాది. నాకు దాక్కునేది రుచి పట్టింది."

నేను ఏదో ఓదార్చబోయాను. ఆమె వినలేదు.

"ఇరవై ఏండ్లు వాళ్ళు దాక్కోమంటే ఏడ్చి దాక్కున్నా. ఇప్పుడు నేనే సంతోషంగా దాక్కుంటా ఉండా. వాళ్ళకు ఇంతకంటే ఏం కావాల? నేను గెలుస్తా ఉండానని నాకు తెలుసు, నీకు తెలుసు. వాడు ఓడిపోతా ఉండాడని వాడికి తెలియను కూడా తెలీదు. ఆటలో గంట మోగితే ప్రాణం పోతాది. ఈడ మోగితే ఏం పోతాది? ఒక తిట్టు. రెండు తిట్లు. రేపు సూడం ఆరినాక పోతా. వాడు కండ్లు తెరిచినాక."

నాకు రక్తం ఉడికింది. సభ్యులందరినీ తీసుకొస్తానన్నాను, వీధిలో నిలబడతామన్నాను. చివరికి, "పోనీ నేనొచ్చి బోణీ చేస్తాను, గొడవే ఉండదు" అన్నాను.

"నువ్వు బోణీ చేస్తే అది నీ గెలుపు అయిపోతాది. సుమ్మా, ఊరికే ఎదురుగా నిలబడి చూడు. నీకు చూసేది అలవాటు కావాల."

మర్నాడు సొల్దా పక్కన నిలబడి చూశాను. తమ్ముడు కర్పూరం వెలిగించాడు. మూడు చుట్లు తిప్పాడు. కళ్ళు మూశాడు, తెరిచాడు. గల్లా ముందు కూర్చున్నాడు. లోపలి తలుపు రెండు రెక్కలూ పెద్ద చప్పుడుతో తెరుచుకున్నాయి. కుట్టక్క కొట్టు మధ్యలోంచి, పరిచిన చాప మీదుగా నడిచి వచ్చింది. తాళంచెవులు నడుముకు వేలాడుతూ గలగలమన్నాయి.

"అక్కా! బోణీ కాలే! లోపలికి పో!"

"కాలేదని తెలుసురా."

"తెలిసీ వస్తా ఉండావా? ఏందిది, పొద్దున్నే నా నోట్లో మట్టి కొడతావా?"

"ఎనిమిది నెలలుగా ఈ యాళకే పోతా ఉండా. నువ్వు కండ్లు మూసుకోని ఉన్నింటివి. నీ నోట్లో మట్టి పడిందా?"

ఆయన మొహం చూడాలి. కోపం, లెక్కకు అందని విస్మయం. గుమాస్తాలిద్దరూ తల వంచుకునే ఉన్నారు. అప్పుడే మెట్టు మీదికి ఒక చేపలావిడ ఎక్కింది. సముద్రం ఒడ్డున వైతికుప్పం మనిషి, ఆ కొట్టుకు పాత బేరం. తట్ట కింద దించి, కూతురికి చీర చూపించమంది.

తమ్ముడు గొంతు మార్చుకుని అరవంలో అన్నాడు: "కాస్త ఆగమ్మా. అపశకునం అయింది. నీళ్ళు చల్లి మళ్ళీ సూడం వెలిగిస్తా."

"ఏం అపశకునం?"

ఆయన అక్క వైపు చెయ్యి చూపించాడు.

చేపలావిడ కుట్టక్కను కిందనుంచి మీదికి చూసింది. తర్వాత ఆయన్ను చూసింది. "నా మొగుడు పడవ బోల్తాపడి పోయి తొమ్మిదేళ్ళు సామీ. ఈ తొమ్మిదేళ్ళలో నీకు ఎన్ని బోణీలు చేశాను? అప్పుడంతా నా నొసలు చూడలేదా, నా చేతిలో డబ్బే చూశావా?"

నిజమే, ఆమె నుదుట బొట్టు లేదు. తొమ్మిదేళ్ళుగా లేదు. ఇంట్లో మనిషి నొసటినే కాపలా కాసిన కన్ను కొట్టుకొచ్చే మనిషి నొసటి వైపు ఒక్కసారీ తిరగలేదు. నేను వంద ఉపన్యాసాల్లో చెప్పలేనిది ఆ చేపలావిడ ఒక్క ప్రశ్నలో చెప్పింది.

ఆయన చీర చూపించాడు. డబ్బు తీసుకుని అలవాటు కొద్దీ కళ్ళకద్దుకున్నాడు. అద్దుకున్నాక చెయ్యి అక్కడే ఆగింది. అప్పటికి కుట్టక్క వీధి దాటి టోకెన్ల బల్ల తుడుస్తోంది.

ఆయన మారిపోయాడని రాస్తే మీకు బాగుంటుంది. మారలేదు. ఆ సాయంత్రం, ఇంట్లోంచి పొమ్మన్నాడు. "మా నాయన కట్టించిన ఇల్లు, యాడికీ పోను" అంది ఆమె. ఏడాది దాకా అక్కతో మాట్లాడలేదు. పొద్దున ఆమె నడిచే వేళకు పటాల వైపు తిరిగి నిలబడేవాడు. ఆమె మాత్రం ఒక్క రోజూ మానలేదు, ఒక్క నిమిషమూ వేళ మార్చలేదు. జ్వరమున్న రోజు కూడా చాప మధ్యలోంచే నడిచింది. పిల్లి ఆట కూడా మానలేదు. ఇదివరకటి కంటే బాగా ఆడేది. కొత్తగా ఆడేవాళ్ళకు టోకెన్ ఇస్తూ ఒకటే మాట చెప్పేది: "దాక్కునేదంతా ఈ పెట్టెలో దాక్కోని, పోయేటప్పుడు ఈడనే పెట్టి పో." ఆ పెట్టెలు పాతబడి మేట్టుపాళయం గోదాములకు చేరేదాకా ఆ బల్ల దగ్గరే ఉంది.

ఆట మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ నన్ను సభల్లో అడుగుతారు. నా జవాబు ఇది. ఆ ఆట ఆమెకు కాపలా కన్ను ఎంత గుడ్డిదో చూపించింది. అదే ఆట దాక్కోవడాన్ని తియ్యగా చేసి ఆమెను మింగబోయింది కూడా. మొదటిది నేర్చుకుని రెండోదాన్ని ఉమ్మేసింది ఆమె. పెట్టె కాదు.

పోయిన వారం, మూడు రోజుల జ్వరంతో ఆమె పోయింది. పొద్దున ఎనిమిదిన్నరకు, వీధిలో కొట్లు తెరిచే వేళకు, ఆ కొట్టు మధ్యలోంచే పాడె ఎత్తారు. తమ్ముడు ముందు నడిచాడు, చూడలేనంతగా ఏడుస్తూ. పక్కన పాత్రల కొట్టాయన తలుపు చెక్కలు తీస్తూ పాడెను చూశాడు. ఆమె బోణీకి ముందు నడిచినన్నాళ్ళూ మొహం తిప్పుకున్న మనిషి. ఇప్పుడు రెండు చేతులూ జోడించి కొడుకుతో అన్నాడు: "పొద్దున్నే శవం ఎదురైంది. మంచి శకునంరా. ఈ పొద్దు బేరం బాగుంటాది."

నేను ఆగిపోయాను. "అయ్యా, నిన్నటిదాకా అపశకునం అన్నది ఈమెనే కదా?"

ఆయనకు కోపం రాలేదు. తెలియనివాడికి చెప్పినట్టు చెప్పాడు. "అది బతికుండేటప్పుడు కదా సామీ."

ఈ మాటకు ఏ సభలోనూ ఇక జవాబు చెప్పను. జవాబు మీరు చెప్పాలి, అదీ నోటితో కాదు. రేపు పొద్దున కొట్టు తెరిచే ముందు, పెళ్ళికి బయలుదేరే ముందు, కొత్త పనికి గడప దాటే ముందు, మీ ఇంట్లో తలుపు వెనక ఆగిన ఆమె దగ్గరికి వెళ్ళండి. ఆమె ఊపిరి ఆడుతుండగానే వెళ్ళండి. రెండు రెక్కలూ తెరిచి, మీకంటే ముందు ఆమెను నడవమనండి. ఎవరైనా ఆగమంటే ఆగకండి.